రాత్రంతా వల వేసినా ఏమీ పడనప్పుడు: దేవుని మాట మీద నిలబడటం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రార్థన కూడికలు అయిపోయాక గుమ్మం దగ్గర నిలబడి కొందరు, అర్ధరాత్రి ఫోన్ చేసి కొందరు నన్ను అడిగిన ప్రశ్నలివి. వీటిలో రెండు మూడు నేనే దేవుణ్ణి అడిగినవి. దాదాపు అందరూ ఒకే మాటతో మొదలుపెడతారు: "అన్నీ వాక్యప్రకారమే చేస్తున్నానండి, అయినా ఏమీ జరగడం లేదు." నేను బైబిలు పండితుణ్ణి కాను. చదివినది, అనుభవించినది కలిపి నాకు తోచినట్టు చెబుతున్నాను.

"రాత్రంతా ప్రయాసపడ్డాం, ఏమీ దొరకలేదు" అన్న మాట ఎక్కడిది? అక్కడ అసలేం జరిగింది?

లూకా సువార్త 5వ అధ్యాయం, మొదటి 11 వచనాలు. చోటు గెన్నేసరెతు సరస్సు. గలిలయ సముద్రం అని పిలుస్తారు గానీ నిజానికి మంచినీటి సరస్సు. పొడవు సుమారు 21 కిలోమీటర్లు, బాగా వెడల్పున్న చోట 13. సీమోనుకు రోజూ తిరిగే నీళ్లే అవి.

యేసు వచ్చేసరికి జాలరులు దోనెలు దిగి వలలు కడుగుతున్నారు. ఈ చిన్న వివరం దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది నాకు. ఆ రోజుల్లో వలలు నారతో అల్లేవారు. పగటి వెలుగులో అలాంటి వల చేపల కంటపడుతుంది, అందుకే వేట రాత్రిపూట. తెల్లారాక వలలో ఇరుక్కున్న నాచు, పుల్లలు ఏరి, కడిగి, ఆరబెట్టాలి. లేకపోతే నార కుళ్లిపోతుంది. చేపలు పడిన రాత్రయినా, పడని రాత్రయినా ఈ పని తప్పదు. కళ్లు మండుతుంటాయి, భుజాలు పీకుతుంటాయి, రాత్రంతా చేసిన కష్టానికి చేతిలో మిగిలింది నాచు.

సరిగ్గా అప్పుడు యేసు సీమోను దోనె ఎక్కాడు. ఒడ్డు నుంచి కొంచెం లోపలికి తోయమన్నాడు, కూర్చుని జనానికి బోధించాడు. బోధ అయ్యాక, లోతుకు తీసుకెళ్లి వలలు వేయమన్నాడు. కడిగిన వలలు మళ్లీ తడపాలి, అదీ పట్టపగలు!

సీమోను జవాబులో రెండు ముక్కలున్నాయి. మొదటిది ఫిర్యాదు: రాత్రంతా కష్టపడ్డాం, ఏమీ దొరకలేదు. రెండోది, "అయినను నీ మాట చొప్పున" వలలు వేస్తాను. తెలుగు బైబిల్లో చూడండి, "ప్రయాసపడితిమి" బహువచనం, "వేతును" ఏకవచనం. గ్రీకులోనూ అంతే. అలసట అందరిదీ. మాట వినే దగ్గరికొచ్చేసరికి అతనొక్కడే నిలబడి "వేస్తాను" అన్నాడు. ఈ భాగంలో చేపల కంటే నాకు ఈ ఏకవచనమే ఎక్కువ ఇష్టం.

యేసు పెరిగింది వడ్రంగి ఇంట్లో. చేపల పని తెలిసినవాడు సీమోను. విధేయత అంటే మన తెలివిని, అనుభవాన్ని పక్కన పెట్టేయడమేనా?

సీమోను తన అనుభవాన్ని దాచలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. యేసు దానికి కోప్పడలేదు. కాబట్టి నోరు మూసుకుని తల ఊపడం విధేయత అనుకోనక్కర్లేదు.

ఇంకో సంగతి. సీమోను ముక్కూ మొహం తెలియనివాడి మాట నమ్మి వల వేయలేదు. దానికి ముందు అధ్యాయంలోనే అతని అత్తగారికి తీవ్రమైన జ్వరం వస్తే యేసు ఇంటికొచ్చి బాగుచేశాడు. ఆమె వెంటనే లేచి వాళ్లకు ఉపచారం చేసింది. తన ఇంట్లో, తన కళ్లముందు జరిగింది అది. ఆ నమ్మకంతోనే వల తీశాడు. గుడ్డిగా దూకడాన్ని విశ్వాసం అనడం మనకు అలవాటైపోయింది గానీ, తెలిసినవాడి మాట మీద తెలియని పని చేయడం దానికంటే వేరు.

అందుకే ఎవరైనా "విశ్వాసంతో మందులు మానేశాను" అంటే నాకు టెన్షన్. మీ తెలివిని దేవుడే ఇచ్చాడు. డాక్టరు దగ్గరికి వెళ్లండి, మందులు వేసుకోండి, ప్రార్థనా చేయండి.

సీమోనుకు యేసు ఎదురుగా నిలబడి చెప్పాడు. నాకు దేవుడు ఏం చెప్పాడో ఎలా తెలుస్తుంది?

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే, కానీ చాలామంది చివర్లో అడుగుతారు. ఐదేళ్లు ఒక పని మీద కూర్చుని, డబ్బులు, ఆరోగ్యం పోగొట్టుకున్నాక, "ఇది దేవుడు చెప్పిందేనా?" అని.

మనం "దేవుని మాట" అని పట్టుకున్న వాటిని విడదీసి చూసుకోవాలి. కొన్ని స్పష్టమైన ఆజ్ఞలు: క్షమించు, అబద్ధమాడకు, తల్లిదండ్రులను సన్మానించు, శత్రువు కోసం ప్రార్థించు. వీటికి మళ్లీ సూచన అడగనక్కర్లేదు. ఫలితం వచ్చినా రాకపోయినా చేయాల్సినవే. మరికొన్ని మన నిర్ణయాలు: ఫలానా వ్యాపారం, ఫలానా సంబంధం, ఫలానా చోట పరిచర్య. ప్రార్థన చేసే తీసుకుని ఉంటాం, మంచివే కావచ్చు. అయినా అవి మన నిర్ణయాలే. వాటికి దేవుని ఆజ్ఞంత బరువు తగిలిస్తే, అవి కూలిన రోజు దేవుడే మాట తప్పాడనిపిస్తుంది. ఇక మూడోది, ఒక వచనం కనపడగానే దాన్ని మన కోరికకు తగిలించి "వాగ్దానం" అనుకోవడం. దీని వల్ల జరిగిన నష్టం ఇంతా అంతా కాదు.

యిర్మీయా 32వ అధ్యాయంలో ఒక మంచి పాఠం ఉంది. నీ బంధువు హనమేలు వచ్చి అనాతోతులో పొలం కొనమంటాడని దేవుని మాట యిర్మీయాకు వచ్చింది. ఆ తర్వాత హనమేలు నిజంగానే వచ్చి అదే మాట అన్నాడు. ఇది యెహోవా మాట అని నాకు అప్పుడు తెలిసింది అని యిర్మీయా రాసుకున్నాడు. అంటే ప్రవక్త కూడా వచ్చిన మాటను పట్టుకుని పరుగెత్తలేదు. ఆగాడు, చూశాడు. ప్రవక్తే ఆగినప్పుడు మనకేం తొందర?

సీమోను విషయంలోనూ మొదట అడిగింది చిన్న పని: దోనె కొంచెం లోపలికి తోయమని. లోతుకు వెళ్లడం తర్వాతి సంగతి. దేవుడు నాకు ఏం చెబుతున్నాడో తెలియడం లేదు అనేవాళ్లను నేను అడిగేది ఒకటే, తెలిసిన చిన్న పని ఏదైనా చేయకుండా మిగిలిపోయిందా అని.

దేవుడు చెప్పినట్టు చేస్తే ఫలితం తప్పకుండా వస్తుందా?

మీరు ఆశించిన ఫలితమా? రాకపోవచ్చు. ఈ జవాబు వినడానికి ఎవరూ ఫోన్ చేయరని తెలుసు, అయినా అబద్ధం చెప్పలేను.

లూకా 5ను మనం ఒక ఫార్ములాలా వాడేస్తున్నాం. మాట విను, వల వేయి, దోనె నిండుతుంది. "నూరంతలు" అంటూ కానుకలు అడిగేవాళ్ల ప్రసంగాల్లో ఇది మరీ ఎక్కువ. అదే బైబిల్లో యిర్మీయా ఉన్నాడు. యోషీయా రాజు ఏలుబడిలో 13వ ఏట మొదలుపెట్టి 23 ఏళ్లు పెందలకడ లేచి చెబుతూ వచ్చాను, మీరు వినలేదు అంటాడు 25వ అధ్యాయంలో. ఒక్క రాత్రి కాదు, 23 ఏళ్లు.

36వ అధ్యాయం ఇంకా బాధగా ఉంటుంది. యిర్మీయా నోటితో చెబుతుంటే అతని లేఖకుడు బారూకు సిరాతో ఒక గ్రంథపు చుట్ట రాశాడు. అప్పటిదాకా వచ్చిన ప్రవచనాలన్నీ అందులో ఉన్నాయి. మరుసటి ఏడు, తొమ్మిదో నెల. రాజైన యెహోయాకీము చలికాలపు నగరులో కూర్చున్నాడు, ముందు కుంపటి మండుతోంది. ఒకడు చదువుతున్నాడు. మూడు నాలుగు పుటలు చదవగానే రాజు చాకుతో కోసి కుంపట్లో వేస్తున్నాడు. మళ్లీ మూడు నాలుగు పుటలు, మళ్లీ కోత. ఆ నిప్పు ముందు కూర్చున్నవాళ్లలో ముగ్గురు వద్దని బతిమాలారు, అతను వినలేదు. చుట్ట మొత్తం కాలిపోయింది.

అప్పుడు దేవుడు చెప్పింది ఏమిటి? ఇంకో చుట్ట తీసుకుని మళ్లీ రాయమని. బారూకు మళ్లీ కూర్చున్నాడు. మొదటి మాటలన్నీ రాశాడు, అలాంటివి ఇంకా చాలా కలిశాయి. రాజు మారలేదు. యెరూషలేము కాలిపోకుండా ఆగలేదు. యిర్మీయాను చివరికి అతని ఇష్టంతో పని లేకుండా ఐగుప్తుకు పట్టుకుపోయారు. 17 తులాల వెండి తూచి కొన్న ఆ అనాతోతు పొలాన్ని అతను దున్నినట్టు ఆ గ్రంథంలో ఎక్కడా లేదు.

పొలం కొన్నప్పుడు నగరాన్ని శత్రువులు చుట్టుముట్టి ఉన్నారు, యిర్మీయా చెరసాల ఆవరణలో ఉన్నాడు. దస్తావేజు రాయించాడు, సాక్షుల సంతకాలు పెట్టించాడు, మట్టికుండలో భద్రం చేయించాడు. దస్తావేజు బారూకు చేతికి ఇచ్చాక గానీ, ప్రభువా, నగరం శత్రువుల చేతిలో పడబోతుంటే పొలం కొనమన్నావేంటి అని ప్రార్థించలేదు. ముందు పని, తర్వాత ప్రశ్న. నాకైతే ఎప్పుడూ దీనికి తలకిందులే.

యెషయా 55:11లో దేవుని వాక్యం వ్యర్థంగా తిరిగి రాదని ఉంది కదా?

ఉంది. పంపిన పనిని నెరవేరుస్తుంది అని ఉంది. పంపినవాడు ఏ పని మీద పంపాడు అన్నది అక్కడి లెక్క. మనం ఏం కోరుకున్నాం అన్నది కాదు. అదే యెషయాను 6వ అధ్యాయంలో పంపినప్పుడు, జనం వింటారు గానీ గ్రహించరు అని ముందే చెప్పి పంపాడు. ఎన్నాళ్లు ప్రభువా అని అడిగితే, పట్టణాలు పాడైపోయేదాకా అన్నాడు. ఈ రెండు అధ్యాయాలూ ఒకే గ్రంథంలో ఉన్నాయి. మనం మాత్రం 55నే ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకుంటాం.

అక్కడి పోలిక వానది, మంచుది. వాన పడిన మర్నాడే గింజ కోతకు రాదు. మార్కు 4లో యేసు చెప్పిన రైతు విత్తనం చల్లి పడుకుంటాడు, లేస్తాడు. అది ఎలా మొలిచిందో అతనికే తెలియదు. ఆ తెలియకపోవడాన్ని యేసు తప్పుబట్టలేదు.

ఫలితం లేకపోవడం నా పాపం వల్లేనా? నా విశ్వాసం చాలలేదా?

కావచ్చు, కాకపోవచ్చు. హగ్గయి మొదటి అధ్యాయంలో జనం ఎక్కువ విత్తి తక్కువ కోస్తున్నారు, జీతం చినిగిన సంచిలో వేసుకున్నట్టు ఉంది. దానికి కారణం మీరే, దేవుని మందిరాన్ని వదిలేసి మీ ఇళ్లు చూసుకుంటున్నారు అని ప్రవక్త చెప్పాడు. కాబట్టి నిజాయితీగా ఒకసారి పరీక్షించుకోవడం మంచిదే. తప్పు కనపడితే ఒప్పుకోండి, దిద్దుకోండి.

ఏమీ కనపడకపోతే అక్కడితో ఆపండి. లేని పాపం కోసం రోజూ తవ్వుకోవద్దు. కష్టాల్లో పడ్డ యోబులో అతని స్నేహితులు అలాగే పాపం కోసం తవ్వి చివరికి దేవునితో చీవాట్లు తిన్నారు. సీమోను ఖాళీ వలకు కూడా లూకా ఏ పాపాన్నీ కారణంగా చూపలేదు. ఆ రాత్రి చేపలు పడలేదు, అంతే.

ఎంతకాలం ఇలా కొనసాగాలి? ఆపేస్తే అవిధేయత అవుతుందా?

ఆజ్ఞకూ పద్ధతికీ తేడా చూడండి. సువార్త చెప్పమన్నది ఆజ్ఞ. ఫలానా చోట, ఫలానా వారం, ఫలానా విధంగా అన్నది పద్ధతి. పద్ధతి మార్చుకోవచ్చు. అపొస్తలుల కార్యములు 16లో పౌలు ఆసియ అనే రోమా ప్రాంతంలో వాక్యం చెప్పాలనుకున్నాడు, ఆత్మ ఆటంకపరిచింది. బితూనియకు వెళ్లబోయాడు, అదీ కుదరలేదు. త్రోయకు వచ్చాక రాత్రి దర్శనంలో మాసిదోనియ మనిషి కనపడ్డాడు. రెండు తలుపులు మూసుకున్నాక మూడోది. పౌలు ఆ రెండు తలుపుల్నీ తలతో బాదుతూ కూర్చోలేదు.

శిష్యులను పంపినప్పుడు కూడా, చేర్చుకోని ఊరిలో కాళ్ల ధూళి దులిపి ముందుకు సాగమన్నాడు యేసు. మరో పక్క, మూడేళ్లు కాయని అంజూరపు చెట్టుకు తోటమాలి ఇంకో ఏడాది గడువు అడిగాడు. ఊరికే అడగలేదు, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు. ఎప్పుడు దులపాలి, ఎప్పుడు ఎరువు వేయాలి? దీనికి రూలు లేదు. నా సలహా: ఒంటరిగా నిర్ణయించకండి, అలసట తలకెక్కిన రోజు అసలే వద్దు. మీకు నచ్చిన మాటే చెప్పేవాళ్లను కాకుండా ఇంకెవరినైనా అడగండి.

నా సంగతి చెప్పుకోవాలంటే, మూడేళ్లపాటు వారానికోసారి ఒక చిన్న బైబిలు స్టడీ నడిపాను. ముందుగా వెళ్లి ఇరవై కుర్చీలు వేసేవాణ్ణి. ఇద్దరో ముగ్గురో వచ్చేవారు. ఒక వానరోజు ఎవరూ రాలేదు. అరగంట చూసి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తుంటే ఆ చప్పుడు ఖాళీ గదిలో ఎంత పెద్దగా వినపడిందో ఇప్పటికీ గుర్తే. తర్వాతి వారం నుంచి ఐదు కుర్చీలే వేశాను. అది విశ్వాసం తగ్గడమా, కళ్లు తెరుచుకోవడమా? రెండూ కొంచెం కొంచెం అనుకుంటా. స్టడీ మాత్రం ఆపలేదు.

మిషనరీల కథల్లో చివరికి గొప్ప ఫలితం వస్తుంది కదా. మాకెందుకు రాదు?

అదోనిరామ్ జడ్సన్ 1813లో బర్మా చేరితే, మొదటి బాప్తిస్మం 1819లో జరిగింది. ఆరేళ్లు. నిజమే, ధైర్యమిచ్చే కథే. కానీ ఆరో ఏట ఫలితం వచ్చింది కాబట్టే ఈ ఆరేళ్లను మనం వేదికల మీద చెప్పుకుంటున్నాం. ఆరో ఏట కూడా ఏమీ రానివాళ్ల జీవితచరిత్రలు ఎవరూ అచ్చు వేయరు. హెబ్రీయులకు 11వ అధ్యాయం మాత్రం వాళ్లను వదల్లేదు. వాగ్దాన ఫలం అనుభవించకుండానే విశ్వాసంతో చనిపోయారు అని రాసింది, అదీ పొగుడుతూ.

పక్కవాళ్లు నిన్నగాక మొన్న మొదలుపెట్టారు, అప్పుడే దీవెనలు. అసూయగా ఉంది.

యోహాను 21లో పేతురు, అంటే ఇదే సీమోను, ఇంకో శిష్యుణ్ణి చూపించి, మరి ఇతని సంగతేంటి అన్నాడు. అది నీకెందుకు, నువ్వు నన్ను వెంబడించు అన్నాడు ప్రభువు. ఇంతకంటే నేను కలిపేదేమీ లేదు.

దేవుడి మీద కోపం వస్తోంది. అలా ప్రార్థించవచ్చా?

ప్రార్థించవచ్చు. 13వ కీర్తన మొదటి రెండు వచనాల్లోనే "ఎన్నాళ్లు" అన్న ప్రశ్న నాలుగుసార్లు వేశాడు దావీదు. యిర్మీయా అయితే, ప్రభువా, నువ్వు నిలవని నీళ్లలాంటివాడివా అనేశాడు. ఆ మాటలు బైబిల్లోంచి ఎవరూ కొట్టేయలేదు. కోపం వచ్చి దేవునితో మాట్లాడటం మానేసినవాళ్ల గురించే నాకు ఎక్కువ బెంగ.

అలసిపోయాను. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకుంటే తప్పా?

తప్పు కాదు. ప్రవక్త ఏలీయా బదరీచెట్టు కింద పడుకుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవదూత వచ్చి ప్రసంగం చేయలేదు. లేచి తినమన్నాడు. చూస్తే తల దగ్గర కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి. తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి, ప్రయాణం నీ శక్తికి మించింది అని మళ్లీ తినిపించాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాతే. నిద్ర పట్టకపోవడం, బతకాలని లేకపోవడం లాంటివి వారాల తరబడి ఉంటే దాన్ని "ఆత్మీయ పోరాటం" అని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చెప్పండి, దగ్గరివాళ్లకు చెప్పండి.

ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లకు ఏం చెప్పాలి?

వచనాల కంటే ముందు వాళ్ల పక్కన కూర్చోండి. లూకా 5లో వలలు పిగిలిపోతున్నప్పుడు సీమోను వాళ్లు రెండో దోనెలోని పాలివాళ్లకు సైగ చేశారు. సైగ చేయగానే వచ్చారు. చేపలు పడిన పొద్దున ఒక్క సైగకు వచ్చినవాళ్లే, ఏమీ పడని రాత్రి కూడా అదే సరస్సు మీద ప్రయాస పడ్డారు. "అన్నీ మేలుకే" అనే మాట అనే హక్కు అలాంటివాళ్లకు ఉంటుంది, అప్పుడు కూడా ఆచితూచి.

చివరికి సీమోనుకు ఏం దక్కింది?

రెండు దోనెలు మునిగేటంత చేపలు. కానీ అతను చేపలను చూసి గంతులేయలేదు. యేసు మోకాళ్ల ముందు పడి, నేను పాపాత్ముణ్ణి, నన్ను విడిచి వెళ్లు ప్రభువా అన్నాడు. ఐదో వచనంలో "ఏలినవాడా" అని పిలిచినవాడు ఎనిమిదో వచనానికి "ప్రభువా" అన్నాడు. తర్వాత దోనెలు ఒడ్డుకు చేర్చి, సమస్తం విడిచిపెట్టి ఆయన వెంట వెళ్లారు.

సమస్తం అంటే చేపలు కూడా. వాళ్ల జీవితంలోనే పెద్ద వేట, ఒడ్డున అలాగే ఉంది. వాటిని ఎవరు ఏరారో, ఎవరు అమ్మారో లూకా రాయలేదు. యాకోబు, యోహానులు వెళ్లిపోయినప్పుడు తండ్రి జెబెదయి జీతగాళ్లతో దోనెలో ఉండిపోయాడని మార్కు ఒక మాట రాశాడు. ఆ పొద్దున్న పని ఆయన మీదే పడి ఉంటుంది.